ఆమె అడిగిన ప్రశ్నకు నేను నవ్వాను

చిత్తూరులో పిల్లల రక్షణ కోసం పనిచేసే ఒక చిన్న సంస్థలో ఆమే నేనూ ఒకే నెలలో చేరాం. బడి మానేసిన పిల్లలు, ఇటుక బట్టీల్లో పనికి కుదిరిన పిల్లలు, పద్దెనిమిదేళ్లు నిండకుండానే పెళ్లి కుదిరిన ఆడపిల్లలు, వీళ్ల ఇళ్లకు వెళ్లి పెద్దవాళ్లతో మాట్లాడడం, మాట వినకపోతే అధికారులను పిలిపించడం మా పని. నాకప్పటికే ముప్పై దాటాయి, ఒక కూతురు. ఆమె నాకంటే ఎనిమిదేళ్లు చిన్నది. పలమనేరు నుంచి రోజూ మొదటి బస్సుకు వచ్చేది. ఇంట్లో రెండు ఆవులు. పాలు పితికి, పాల కేంద్రంలో పోసి, తల కూడా ఆరకుండానే బస్సెక్కేది. ఆఫీసులో అడుగుపెట్టేసరికి ఆమె జడ నుంచి ఇంకా నీళ్లు కారుతుండేవి.

ఆఫీసు స్కూటీ మీద ఇద్దరం ఊళ్లు తిరిగేవాళ్లం. ఆమె నడిపేది, నేను వెనక ఫైళ్లు ఒళ్లో పెట్టుకుని కూర్చునేదాన్ని. తిరిగి వచ్చేటప్పుడు మొగిలి ఘాటు దిగినాక రోడ్డు పక్కన ఒక టీ బంకు దగ్గర ఆగేవాళ్లం. అక్కడ ఆమె ఒక నియమం పెట్టింది.

"టీ అయిపోయేదాకా సూసిందంతా సెప్పుకోవాల అక్కా. గ్లాసు కింద పెట్టినాక దాని ఊసు ఎత్తకూడదు. ఇంటికి మోసకపోకూడదు."

ఒకసారి ఒక ఇంట్లో, పద్నాలుగేళ్ల కొడుకును బట్టీ పనికి పంపొద్దని చెప్పబోతే, ఆ తల్లి ఇల్లు అలుకుతున్న పేడనీళ్లు బకెట్‌తో సహా నా మీద కుమ్మరించింది. ఏడుపు, కోపం, సిగ్గు అన్నీ కలిసి, ఆ తడి చీరతోనే వచ్చి స్కూటీ ఎక్కాను. బంకు దగ్గర కొళాయి కింద ఆమె నా కొంగు పిండుతూ, "ఆయమ్మ ఇల్లు మాత్రం బాగా అలికేటట్టుండాది అక్కా, ఒక్క చెంబు నీళ్లు గూడా వేస్టు కాలా, అన్నీ నీ మీదనే పడినాయి," అంది. నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చాను. ఏడ్చినంతసేపూ ఆమె నా కొంగు పిండుతూనే ఉంది. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి మా అమ్మాయికి లెక్కలు చెప్పగలిగాను. అలా చెప్పగలగడం ఎంత పెద్ద విషయమో అప్పుడు నాకు తెలియదు. టీ కోసం ఆగుతున్నామనే అనుకునేదాన్ని.

నాలుగేళ్ల తర్వాత నన్ను కోఆర్డినేటర్‌ను చేసి తిరుపతి ఆఫీసుకు మార్చారు. కుర్చీ, టేబులు, ఒక కంప్యూటరు, నా కింద ఏడుగురు ఫీల్డ్ వర్కర్లు. వాళ్లలో ఆమె ఒకతె. మొదటి నెల సమావేశంలో అందరూ నన్ను మేడమ్ అన్నారు. ఆమె మాత్రం అలవాటుగా, "అక్కా, మా మండలం రిపోర్టు," అంటూ కాగితాలు నా ముందు పెట్టింది. సమావేశం అయినాక ఆమెను పక్కకు పిలిచాను.

"నలుగురి ముందు అక్కా అంటే బాగుండదు. ఆఫీసులో మేడమ్ అను," అన్నాను.

ఆమె ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. "సరే మేడమ్," అంది. కోపంగా అనలేదు, మామూలుగానే అంది. ఆ మాట అప్పుడు నాకు పెద్దగా పట్టలేదు.

చిత్తూరుకు నేను వెళ్లడం తగ్గిపోయింది. ఫోన్లోనే పని. రిపోర్టు పంపావా, ఫోటోలు తీశావా, సంతకాలు అయ్యాయా. ఇదివరకు స్కూటీ వెనక కూర్చునే చోటు ఖాళీ అయింది కానీ అక్కడికి ఇంకొకరిని వెయ్యలేదు. ఒక్కరే వెళ్లగలిగే పనికి ఇద్దరెందుకని పైవాళ్లు అడిగారు. నేను అవునన్నాను. ఇద్దరు వెళ్లడంలో ఉన్న లాభం ఏమిటో నాకంటే బాగా చెప్పగలిగిన వాళ్లు ఆ గదిలో లేరు. అయినా నోరు తెరవలేదు.

ఆ తర్వాతి ఏడాది మామిడి కోతల కాలంలో తమిళనాడు సరిహద్దుకు ఆనుకుని ఉన్న ఒక పల్లె నుంచి కబురొచ్చింది. పదో తరగతి పరీక్షలు రాసి కూర్చున్న అమ్మాయికి పెళ్లి. ఆ రోజు మాత్రం నేనూ వెళ్లాను, అధికారులు వస్తున్నారు కాబట్టి. షామియానా వేశారు, వంటవాళ్లు గుమ్మడికాయలు కోస్తున్నారు. పోలీసు వచ్చాడు, అధికారి వచ్చింది, అమ్మాయి తండ్రి తలగుడ్డ తీసి చేతిలో పెట్టుకుని నిలబడ్డాడు. ముప్పావు గంటలో అంతా అయిపోయింది. తండ్రి హామీపత్రం మీద సంతకం చేశాడు. నేను దాన్ని ఫోటో తీసుకున్నాను.

అమ్మాయి లోపలి గదిలో ఉంది. పసుపు రాసిన చేతులతో, నాతో స్కూటీ మీద తిరిగిన ఆమె చెయ్యి పట్టుకుని కూర్చుంది.

"మీరు పోతానే మా నాయన నన్ను కొడతాడు," అంది అమ్మాయి.

"కొట్టనీను. వచ్చే వారం నేను వస్తా. వచ్చి నిన్ను కాలేజీలో చేర్పిస్తా. వస్తానని సెప్తా ఉండా కదా," అంది ఆమె.

జీపు బయలుదేరేటప్పుడు హారన్ కొట్టించింది నేనే. ఆమె చెయ్యి విడిపించుకుని వచ్చింది.

మర్నాడు మా నివేదికలో "ఒక బాల్య వివాహం నిలుపుదల" అని రాశాను.

వారం తిరగ్గానే ఆమె ఫోన్ చేసింది. మళ్లీ వెళ్లి ఆ అమ్మాయిని చూసి రావాలి, స్కూటీ రిపేరులో ఉంది, బస్సు ఆ ఊరికి సరిగ్గా పోదు, ఒక్కరోజు జీపు ఇప్పించమంది. ఆ వారం మాకు డబ్బిచ్చే వాళ్లు చూడడానికి వస్తున్నారు. జీపు వాళ్లకు కావాలి.

"ఫోన్ చేసి కనుక్కో," అన్నాను.

"వాళ్ల నాయన ఫోను ఎత్తడంలేదు మేడమ్."

"అయితే అంగన్‌వాడీ టీచరుకు చెయ్యి. వచ్చే నెల చూద్దాం."

ఆమె వచ్చే నెల దాకా ఆగలేదు. ఒక ఆదివారం తన సెలవులోనే రెండు బస్సులు మారి, మూడు మైళ్లు నడిచి ఆ పల్లెకు వెళ్లింది. ఇంటికి తాళం వేసి ఉంది. పక్కింటి ముసలమ్మ చెప్పింది: మేము వచ్చి వెళ్లిన పదో రోజున అమ్మాయిని సరిహద్దు దాటించి బంధువుల ఊళ్లో, ఏదో గుళ్లో పెళ్లి చేసేశారు. ముందు కుదిరిన అబ్బాయి వాళ్లు పోలీసులొచ్చిన ఇల్లని వద్దన్నారట. వేరే అతను. వయసు చాలా ఎక్కువ.

తిరిగి నడిచొచ్చి, బస్సు దిగిన చోటి నుంచే నాకు ఫోన్ చేసింది. ఆ సమయంలో నేను ఇంట్లో ఉన్నాను, మా ఆయన చెల్లెలు వాళ్లు భోజనానికి వచ్చారు.

"నేను వస్తానని సెప్పినా ఆ పిల్లకి. వారంలో వస్తానన్నా. ఆ పిల్ల ఎదురు సూసుంటాది."

"మనం చెయ్యగలిగింది చేశాం కదా. రేపు రిపోర్టు రాసి పంపు. తమిళనాడు వాళ్లకు రాద్దాం," అన్నాను.

ఆమె వెనక ఏదో బస్సు ఆగి వెళ్లింది. తర్వాత అంది. "అక్కా, ఒక్కసారి కూర్సోని మాట్లాడుకుందామా? నేనే తిరుపతికి వస్తా. ఒక్క గంట చాలు."

ఏడాది తర్వాత నన్ను అక్కా అంది. అది నాకు వినపడింది కూడా. "ఈ వారం కుదరదు, వచ్చే వారం రా," అన్నాను. వచ్చే వారం ఆమె మళ్లీ అడగలేదు. నేను గుర్తు చెయ్యలేదు. తమిళనాడుకు ఉత్తరం మాత్రం రాశాను, జవాబు రాలేదు.

రెండు నెలల తర్వాత మా వాళ్లందరికీ ఒక రోజు శిక్షణ పెట్టాం. సామాజిక కార్యకర్తలు తమను తాము ఎలా చూసుకోవాలి అన్నది విషయం. ఇది పెట్టించింది నేనే. పక్క జిల్లాల్లో పెట్టారని విన్నాను. తిరుపతిలో ఒక హోటల్ హాలు తీసుకున్నాం. బెంగళూరు నుంచి ఒకాయన వచ్చాడు. మంచివాడే. కళ్లు మూసుకోమన్నాడు, శ్వాస లెక్కపెట్టమన్నాడు, రంగు పెన్నులిచ్చి మా మనసును బొమ్మగా గీయమన్నాడు. ఎక్కువమంది పువ్వులు గీశారు. ఆమె ఏమీ గీయలేదు, కాగితం మీద పెన్ను మూత పెట్టి దొర్లిస్తూ కూర్చుంది.

భోజనానికి ముందు ఆయన, ఏమైనా ప్రశ్నలున్నాయా అని అడిగాడు. అందరికీ ఆకలిగా ఉంది. హాలు వెనక నుంచి సాంబారు వాసన వస్తోంది. ఆమె లేచి నిలబడింది.

"అన్నం తినేటప్పుడు ఒకరి గొంతు ఇనపడతా ఉంటే ఏం సెయ్యాల సార్? నోట్లో ముద్ద పెట్టుకుంటానే ఇనపడతాది. అప్పుడు గూడా గాలి పీల్సుకోవాల్నా?"

ఎవరో ముందు కిసుక్కుమన్నారు. ఆ వెంటనే హాలంతా నవ్వింది. "ముందు అన్నం పెట్టియ్యండి సార్, గొంతు ఇనపడతాదో లేదో సూస్తాం," అన్నాడు ఒకతను. మళ్లీ నవ్వు. శిక్షణ ఇచ్చే ఆయనకు ఆ యాస అర్థం కాలేదు, ఆయన కూడా మర్యాదకు నవ్వాడు.

నేనూ నవ్వాను.

ఎందుకు నవ్వానని ఆ తర్వాత చాలాసార్లు నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. అందరూ నవ్వుతున్నారని కావచ్చు. ఆ గొంతు ఎవరిదో ఆ హాల్లో తెలిసినది నాకొక్కదానికే కాబట్టి, ఆ ప్రశ్న వచ్చి నా దగ్గర ఆగకుండా ఉండాలని కావచ్చు. ఆమె నా వైపు చూసి, నెమ్మదిగా కూర్చుంది. భోజనాల దగ్గర ఆమె కనిపించలేదు. బస్సుకు టైమైందని వెళ్లిపోయిందన్నారు.

ఆ మరుసటి నెల నుంచి ప్రతి వర్కరూ ఒక ఫారం నింపాలని పెట్టాం. ఈ నెల మీరు మీకోసం ఏం చేసుకున్నారు? నడక, ధ్యానం, సంగీతం, కుటుంబంతో సమయం. టిక్కు పెడితే చాలు. ఆమె ప్రతి నెలా అన్నింటికీ టిక్కు పెట్టి పంపేది. నేను ఫైల్లో పెట్టేదాన్ని.

సుమారు ఏడాదికి ఆమె రాజీనామా వచ్చింది. రెండు వాక్యాలు. ఇంటి కారణాల వల్ల అని రాసింది. నేను సంతకం పెట్టి, ఖాళీ భర్తీకి ప్రకటన తయారు చేశాను. ఫోన్ చెయ్యాలనుకున్నాను. చేశానో లేదో కూడా ఇప్పుడు గుర్తులేదు. చేసి ఉంటే గుర్తుండేది.

తర్వాత మూడేళ్లు నేను బాగానే పనిచేశాను, అంటే బయటికి చూసేవాళ్లకు. సంస్థ పెద్దదైంది. కష్టమైన కుటుంబాలతో మాట్లాడడానికి నన్నే పిలిచేవాళ్లు. ఎదుటివాళ్లు ఎంత ఏడ్చినా నా గొంతు మారేది కాదు. అది నా గొప్ప అనుకున్నాను.

గూడూరులో ఉండే మా నాయనకు గుండె నొప్పి వచ్చి తిరుపతికి తీసుకొచ్చాం. ఆయన నిమ్మకాయల మండీలో గుమాస్తాగా చేసి మానుకున్నాడు. గట్టి మనిషి. ఆపరేషన్ చెయ్యాలన్నారు. ఆ ఉదయం ఆయన మంచం పక్కన కూర్చుని మాట్లాడుతున్నాను.

"మీకు భయంగా ఉండడం సహజం నాన్నా. మీ భావాలు నాకు అర్థమవుతున్నాయి. ఇలాంటి సమయంలో..." అంటున్నాను.

ఆయన చెయ్యెత్తి ఆపమన్నాడు. "ఎవరితో మాట్లాడుతుండావు మే నువ్వు?" అన్నాడు. "కలెక్టరాఫీసుకు అర్జీ ఇచ్చేదానికి వచ్చినోళ్లతో మాట్లాడినట్ల మాట్లాడుతుండావే. నేను మీ నాయన్ని. నాయనా అని గూడా పిలవలా నువ్వు."

నిజమే. చిన్నప్పటి నుంచీ నాయనా అనే పిలిచాను. నాన్నా అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకే తెలియదు. ఆయన చెయ్యి పట్టుకున్నాను, కానీ ఏడుపు రాలేదు. రావాలని ప్రయత్నించాను, రాలేదు. వరండాలోకి వచ్చి బల్ల మీద కూర్చున్నాను. అప్పుడే, మొదటిసారి, ఆమె హాల్లో అడిగిన ప్రశ్న పూర్తిగా గుర్తొచ్చింది. ఆమెకు గొంతులు వినపడేవి. నాకు ఏమీ వినపడడం లేదు. రెండింటిలో ఏది ఎక్కువ జబ్బో చెప్పలేను.

నాయన కోలుకున్నాడు. ఆయన్ను గూడూరు పంపించి, ఒక శనివారం నేను పలమనేరు బస్సెక్కాను.

ఆమె ఇప్పుడు తమ ఊరి పాల కేంద్రం నడుపుతోంది. నేను వెళ్లేసరికి ఉదయపు పాలు అయిపోవచ్చాయి. క్యాన్లు కడుగుతోంది. కొంచెం ఒళ్లు చేసింది. నన్ను చూసి చేతులు తుడుచుకుంది.

"రండి మేడమ్," అంది. "కూర్సోండి."

స్టూలు వేసింది. గ్లాసు నిండా మజ్జిగ ఇచ్చింది. వాళ్లాయన, పిల్లవాడి సంగతులు చెప్పింది. నేను తిరుపతి సంగతులు చెప్పాను. అరగంట అలా గడిచింది. ఇక బస్సుకు లేవాల్సి వస్తుందనగా అన్నాను, "ఆ రోజు నువ్వు ఒక గంట అడిగావు. నేను ఇవ్వలేదు. అది చెప్పడానికే వచ్చాను."

ఆమె క్యాను మూత బిగిస్తూ ఉంది. బిగించడం ఆపలేదు.

"ఆ పిల్లను నేను మళ్లీ సూసినా మేడమ్. మీకు సెప్పలేదు," అంది. "గవర్నమెంటాసుపత్రిలో. చంకన బిడ్డ. నన్ను గుర్తు పట్టింది. తిట్టలేదు. మీరు రాకపోయింటే మా ఊర్లోనే ఇచ్చిండేవాళ్లు, మా యమ్మ కాడ ఉండేదాన్ని అక్కా, అనింది. అంతే. నాకు బిస్కెట్టు ప్యాకెట్టు గూడా ఇచ్చింది, బస్సులో తినమని. తెల్లారి రాజీనామా రాసినా."

తప్పు నీది కాదు అన్నాను. జీపు ఇవ్వనిది నేను, హారన్ కొట్టించింది నేను అన్నాను.

"మీది కాదు, నాది కాదు అని లెక్కేసుకోవడం ఇంగ వద్దులే మేడమ్. నాకు అది కాదు బాధ. హాల్లో అందరూ నవ్వినారు. వాళ్లకేం తెలుసు, నవ్వుకోనీ. మీకు తెలుసు కదా. మీరు నవ్వింది నేను సూసినా."

"చూశావని నాకూ తెలుసు," అన్నాను.

అప్పుడు ఆమె క్యాను వదిలి నా ఎదురుగా మెట్టు మీద కూర్చుంది. ఆటో ఒకటి వచ్చి క్యాన్లు ఎక్కించుకుని వెళ్లింది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎన్నేళ్లకో. ఆమె చూసింది కానీ ఓదార్చలేదు. ఓదార్చాలని నేనూ ఆశించలేదు అని రాయాలని ఉంది కానీ, అది నిజం కాదు. ఆశించాను.

వచ్చేటప్పుడు ఒక మాట అడిగాను. నెలకోసారి మా వర్కర్లందరం కూర్చుని మాట్లాడుకునే పద్ధతి మొదలుపెడదామనుకుంటున్నాను, నువ్వొచ్చి నడిపిస్తావా అని.

"వద్దు మేడమ్," అంది. "ఆవులు నన్ను ఏమీ అడగవు. ఇట్లే బాగుండాది నాకు." బస్టాపు దాకా వచ్చింది. బస్సు కదిలేటప్పుడు, "మీ నాయన్ను బాగా సూసుకోండి," అంది.

ఆమె లేకుండానే మొదలుపెట్టాం. రెండో శనివారం మధ్యాహ్నం, చిత్తూరు ఆఫీసులో. చాపలు వేసుకుని కూర్చుంటాం. నోటుబుక్కులు ఉండవు, ఫారాలు తీసేశాను. ఫీల్డుకు ఇద్దరిద్దరుగా పంపాలని పైవాళ్లతో పోట్లాడి ఒప్పించాను. ఇన్నేళ్లకు చేసిన ఒక్క మంచి పోట్లాట అది. కొన్నిసార్లు తొమ్మిదిమంది వస్తారు, కొన్నిసార్లు ముగ్గురు. మొదటి రెండు నెలలు ఎవరూ నోరు విప్పలేదు, నేను ఉన్నాను కాబట్టి. చివరికి నేనే మొదలుపెట్టాను. హాల్లో నవ్విన సంగతి చెప్పాను. ఆ హాల్లో నవ్వినవాళ్లు ఇద్దరు ఆ చాప మీదే కూర్చుని ఉన్నారు. వాళ్లలో ఒకతను, ముందు అన్నం పెట్టించమని హాస్యమాడిన అతను, లేచి బయటికి వెళ్లి చాలాసేపటికి వచ్చాడు. అప్పటి నుంచి మాటలు వస్తున్నాయి. కొన్ని నేను వినలేనివి. వింటున్నాను.

ప్రతి రెండో శనివారానికి ముందు ఆమెకు మెసేజ్ పెట్టేదాన్ని. ఈ వారం కూర్చుంటున్నాం, వీలైతే రా అని. చూసినట్టు గుర్తు పడేది, జవాబు వచ్చేది కాదు. ఏడాది పైగా పెట్టాను. ఆ సంగతి ఒక శనివారం చాప మీద అందరికీ చెప్పాను, ఏదో మంచి పని చేస్తున్నట్టుగా.

కొత్తగా చేరిన ఒక అమ్మాయి, పుత్తూరు వైపు నుంచి వస్తుంది, ఇరవై నాలుగేళ్లు ఉంటాయి, తలొంచుకుని అంది. "కోపం చేసుకోకండి మేడమ్. ఆయక్క రానని సెప్పింది కదా. మళ్లీ మళ్లీ పంపిస్తా ఉంటే ఆయక్కకు ఆ దినాలే గుర్తొస్తాయేమో. మీరు ఆయక్క కోసం పంపిస్తా ఉండారా, మీకోసమా?"

నాకు మొహం వేడెక్కింది. మామూలుగా అయితే ఏదో ఒక జవాబు చెప్పేదాన్ని, నాకు జవాబులు బాగా వచ్చు. "నాకోసమే," అన్నాను.

ఆ రోజు నుంచి మెసేజ్ పెట్టడం మానేశాను.